కాలు నిలవని పిల్లాడికి ఐక్యూ ఒక్కటే తీయించి ఊరుకోకండి

లెక్క సగం చదివేసరికే జవాబు చెప్పేస్తాడు. దాన్నే నోట్‌బుక్‌లో స్టెప్పులతో రాయమంటే పెన్సిలు కనపడదు, పెన్సిలు దొరికాక పేజీ కనపడదు. ఇంట్లో జేజి "మా వాడు ఏకసంథాగ్రాహి" అంటుంది. స్కూల్లో టీచరు డైరీలో "నాట్ అటెంటివ్" అని ఎర్రసిరాతో రాసి పంపిస్తుంది. ఏది నిజమో తేల్చుకుందామని అమ్మా నాన్నా పిల్లాణ్ణి తీసుకుని నెల్లూరుకో ఒంగోలుకో బయల్దేరతారు. రెండూ నిజం కావచ్చు, రెండూ కాకపోనూ వచ్చు. తెలివి ఎంత అన్నది ఒక ప్రశ్న, ధ్యాస నిలుస్తుందా అన్నది వేరే ప్రశ్న. రెంటికీ కలిపి ఒకే అంకె తెచ్చుకుంటే అది రెండో ప్రశ్నకు జవాబు చెప్పదు సరికదా, మొదటి జవాబును కూడా చెడగొడుతుంది. ఎట్లా చెడగొడుతుందో కిందికొచ్చాక చూద్దాం.

సైకాలజిస్టు దగ్గరికి పోయే ముందు చెవి, కన్ను, నిద్ర, రక్తం చూపించుకోవాలి. చాలామంది ఈ నాలుగూ వదిలేసి నేరుగా పరీక్షకు పోతారు. జలుబు తగ్గాక కర్ణభేరి వెనక నీరు నిలిచిపోవడం చిన్నపిల్లల్లో మామూలే. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ కనిపెట్టరు. అట్లాంటి పిల్లాడు వెనక నుంచి పిలిస్తే పలకడు, టీవీ సౌండు పెంచుతాడు, ముందు బెంచీలో బుద్ధిమంతుడుగా ఉండి వెనక బెంచీలో తుంటరి అవుతాడు. ఆడియోగ్రామ్‌ (వినికిడి పరీక్ష)తో ఆపకుండా కర్ణభేరి కదలికను చూసే టింపనోమెట్రీ కూడా చేయించండి, లోపల నీరు ఉన్నదీ లేనిదీ తేల్చేది అదే. కంటి సంగతి చెప్పక్కర్లేదు, బోర్డు ఆనకపోతే ఎవరైనా పక్కవాడి నోట్స్‌లోకే తొంగిచూస్తారు.

నిద్ర దగ్గర కాస్త ఆగాలి. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. పొద్దున ఆరున్నరకు స్కూలు వ్యాను, సాయంత్రం స్టడీ అవర్, రాత్రి ఎనిమిదిన్నరకు ఇల్లు, అన్నం, హోంవర్కు, కాసేపు ఫోను. లెక్కేస్తే ఏడు గంటలు మిగలడమే గొప్ప. నిద్ర చాలకపోతే పెద్దవాళ్ళు జోగుతారు, పిల్లలు గంతులేస్తారు. చూసేవాళ్ళకు అది అచ్చం ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతిచలనం అనే సమస్య) లాగే ఉంటుంది. ఎన్నింటికి పడుకున్నాడు, ఎన్నింటికి లేచాడు, మధ్యలో లేచాడా అని రెండు వారాలు ఒక పాత డైరీలో రాసిపెట్టండి. గురక పెడుతున్నా, నోరు తెరిచి నిద్రపోతున్నా, మంచమంతా దొర్లుతున్నా చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించి ఎడినాయిడ్స్ (ముక్కు వెనక పెరిగే కండ) సంగతి అడగండి. రక్తం విషయానికొస్తే, 5 నుంచి 11 ఏళ్ళ వయసులో హిమోగ్లోబిన్ 11.5 కంటే తగ్గితే రక్తహీనత కింద లెక్క. హిమోగ్లోబిన్ బాగున్నా ఒంట్లో ఇనుము నిల్వలు అడుగంటి ఉండొచ్చు, అది ఫెరిటిన్‌లో తెలుస్తుంది. అయితే జ్వరంగా ఉన్నప్పుడు ఫెరిటిన్ ఎక్కువగా చూపిస్తుంది కాబట్టి తగ్గాకే రక్తం ఇవ్వాలి.

ఇక మెదడు స్కానింగులు. ఏడీహెచ్‌డీని ఏ స్కానూ, ఏ రక్తపరీక్షా నిర్ధారించలేవు. మాట్లాడుతూ మాట్లాడుతూ కొన్ని సెకన్లు బొమ్మలా ఆగిపోయి, మళ్ళీ ఏమీ తెలీనట్టు మొదలుపెడుతుంటే మాత్రం ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) తీయించాలి. అది ఫిట్స్‌లో ఒక రకం కావచ్చు, పరధ్యానం కాదు. కనిగిరి వైపు నుంచి వచ్చేవాళ్ళు నీళ్ళలో ఫ్లోరైడ్ వల్లనా అని అడుగుతుంటారు. పళ్ళకూ ఎముకలకూ దాని సంగతి తప్పకుండా చూపించుకోవాలి, కానీ ఈ మూల్యాంకనం దారి దానివల్ల మారదు. రొట్టెల పండగలో స్వర్ణాల చెరువు దగ్గర చదువు రొట్టె పట్టుకున్నా మంచిదే. దాంతోపాటు టింపనోమెట్రీ కూడా.

ఇవన్నీ డబ్బు పెట్టి బయటే చేయించనక్కర్లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళలోపు పిల్లలకు స్క్రీనింగు ఉచితం, దాని జాబితాలో అభ్యసన లోపం, ఏడీహెచ్‌డీ రెండూ ఉన్నాయి. అంగన్‌వాడీలోనో బడిలోనో ఆ బృందం చూసి రాసిస్తే జిల్లా స్థాయిలో డీఈఐసీకి, అంటే ముందస్తు చికిత్స కేంద్రానికి, పంపిస్తారు. నెల్లూరు పెద్దాసుపత్రిలో, ఒంగోలు రిమ్స్‌లో పిల్లల విభాగంలో ఆ పేరుతోనే అడగండి. ఎటు పోవాలో తెలీకపోతే 14416కు ఫోను చేయొచ్చు, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య లైను, తెలుగులో మాట్లాడతారు.

ఇంకో సంగతి ఉంది, మన దగ్గర చాలామందికి ఇదే తగులుతుంది. బడిలో చేర్చేటప్పుడు పుట్టినతేదీ ముందుకో వెనక్కో జరిపి రాయించడం మనకు కొత్తేమీ కాదు. పరీక్షలో మార్కులను అదే వయసు పిల్లల పట్టికతో పోలుస్తారు, విస్క్ అనే ఐక్యూ పరీక్షలో ఆ పట్టికలు నాలుగు నెలలకొకటి చొప్పున మారతాయి. ఆధార్‌లో ఉన్న తేదీ అసలు తేదీకి ఎనిమిది నెలలు తేడా అయితే పిల్లాణ్ణి తనది కాని పట్టికలో కొలిచినట్టే. కాగితం మీద చిన్నవాడైతే తెలివి ఉబ్బి కనపడుతుంది, పెద్దవాడైతే తగ్గి కనపడుతుంది. అసలు తేదీ మొదటి నిమిషంలోనే చెప్పేయండి. ధ్యాస విషయంలోనూ వయసు ముఖ్యమే. తరగతిలో అందరికంటే చిన్నవాళ్ళకు ఏడీహెచ్‌డీ అని పేరు పడటం ఎక్కువని చాలా దేశాల్లో గమనించారు. ఏడాది ముందే ఒకటో తరగతిలో కూర్చోబెట్టిన పిల్లాడు పక్కనున్న పెద్దపిల్లలతో పోలిస్తే కుదురు లేనివాడుగానే కనపడతాడు.

ఇప్పుడు ధ్యాస. నిర్ధారణకు డాక్టర్లు వాడే డీఎస్‌ఎం 5 అనే పుస్తకం ప్రకారం ధ్యాస తప్పడానికి సంబంధించి తొమ్మిది లక్షణాలు, అతిచలనం, తొందరపాటుకు సంబంధించి తొమ్మిది. పిల్లల్లో ఏదో ఒక వరసలో కనీసం ఆరు ఉండాలి, ఆరు నెలలపాటు ఉండాలి, పన్నెండేళ్ళ లోపే కొన్ని కనపడి ఉండాలి, రెండు చోట్లయినా ఉండాలి, వాటివల్ల బతుకులో ఇబ్బంది జరుగుతూ ఉండాలి. రెండు చోట్ల అన్నది గట్టిగా పట్టుకోండి. బడిలో మాత్రమే ఉండి, ఇంట్లో, మేనమామ ఇంట్లో, గుళ్ళో ఎక్కడా లేకపోతే ముందు ఆ తరగతిని అనుమానించాలి. ఇంట్లో మాత్రమే ఉంటే ఇంటిని.

దీన్ని కొలవడానికి ఎక్కువగా వాడేది వాండర్‌బిల్ట్ ఫారం, 6 నుంచి 12 ఏళ్ళ వారికి. తల్లిదండ్రుల ఫారంలో 55 ప్రశ్నలు, టీచరు ఫారంలో 43. మొదటి తొమ్మిది ధ్యాస గురించి, 10 నుంచి 18 వరకు కుదురు గురించి. ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు వేయాలి, 2 లేదా 3 వేస్తేనే ఆ లక్షణం ఉన్నట్టు లెక్క. చివర ఉండే ప్రశ్నలు పనితీరు గురించి, వాటికి 1 (చాలా బాగుంది) నుంచి 5 (ఇబ్బంది) వరకు. అక్కడ ఒక్కదానికైనా 4 గానీ 5 గానీ పడాలి. తెలివైన పిల్లలు జారిపోయేది ఇక్కడే. చదవడం, లెక్కలు, రాత అనే మూడు ప్రశ్నలకు టీచరు "చాలా బాగుంది" అని వేసేస్తుంది, మార్కులు 92 వస్తున్నాయి కాబట్టి. ఆ ఊపులో కింద ఉన్న ఐదు ప్రశ్నలకూ, అంటే తోటిపిల్లలతో ఉండటం, చెప్పింది చేయడం, క్లాసును చెదరగొట్టడం, ఇచ్చిన పని పూర్తి చేయడం, వస్తువులు సర్దుకోవడం, వీటికి కూడా 3 వేసి పంపిస్తుంది. దాంతో "ఇబ్బంది ఏమీ లేదు" అని తేలిపోతుంది. ఫారం ఇచ్చేటప్పుడే ఆ ఐదు ప్రశ్నలకు మార్కులు చూసి కాకుండా నోట్‌బుక్కులు, బ్యాగు, గ్రౌండు చూసి వేయమని చెప్పాలి.

టీచర్లు ఇద్దరు కావాలి, ఒకరు పిల్లాడికి ఇష్టమైన సబ్జెక్టు, ఇంకొకరు విసుగు సబ్జెక్టు. ఇద్దరూ పిల్లాణ్ణి కనీసం రెండు మూడు నెలలుగా చూస్తున్నవాళ్ళై ఉండాలి. జూన్‌లో బడి తెరిచిన వారానికే నింపించిన ఫారానికి విలువ లేదు. హాస్టల్లో ఉండే పిల్లలకైతే వార్డెన్ ఇంటివాళ్ళ బదులు నింపలేడు, సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఏం చేస్తున్నాడో అమ్మ వేరే కాగితం మీద రాయాలి. అమ్మ ఒకటి, నాన్న ఒకటి విడివిడిగా నింపండి. ఒకరు నింపినదాని కింద ఇంకొకరు సంతకం పెట్టడం కాదు. ఇద్దరి అంకెలు కలవకపోతే కంగారు పడొద్దు, ఆ తేడా కూడా సమాచారమే.

ఫారాల కంటే నాకు నమ్మకం ఎక్కువున్నది పక్కన కూర్చుని లెక్కపెట్టడం. క్లాసులో వెనక కూర్చుని, ప్రతి 20 సెకన్లకు ఒకసారి తలెత్తి చూసి, పిల్లాడు పనిలో ఉంటే ఒక గీత, లేకపోతే సున్నా. 15 నిమిషాలకు 45 గుర్తులు. అదే సమయంలో పక్కనున్న మామూలు పిల్లాడికి కూడా ఇంకో వరస. మనవాడికి 45లో 20 సున్నాలు వచ్చి, పక్కవాడికి 17 వస్తే అది పాఠం తప్పు. ఈ లెక్కను మూడు రకాల పని మీద చేయాలి: బాగా తెలిసిన పని, తగిన పని, రెండు తరగతులు పైనున్న పని. విసుగు వల్ల కదిలే పిల్లాడు కష్టమైన పని దొరకగానే కుదురుకుంటాడు, పని మొదలుపెట్టి పూర్తి చేసి చూపిస్తాడు కూడా. ఏడీహెచ్‌డీ ఉన్న తెలివైన పిల్లాడు కొత్తదనం ఉన్నంతసేపు కళ్ళు మెరిపిస్తాడు, మూడో మెట్టు దగ్గర ఎక్కడున్నాడో మరిచిపోతాడు. తనకు ఇష్టమైన పనిలో కూడా. గంటలకొద్దీ ఫోన్లో ఆడుతున్నాడు కాబట్టి ధ్యాస ఉన్నట్టే అన్న వాదన చెల్లదు, అక్కడ ప్రతి రెండు సెకన్లకూ బహుమానం దొరుకుతోంది.

నెమ్మదిగా కూర్చుని కిటికీలోంచి చూసే ఆడపిల్లను ఎవరూ ఆసుపత్రికి తీసుకురారు. ఆమెకు కుదురు వరసలో సున్నా, ధ్యాస వరసలో తొమ్మిదికి ఎనిమిది ఉండొచ్చు. అదీ ఏడీహెచ్‌డీయే.

ఇక ఐక్యూ. మన జిల్లాల్లో చేతికి దొరికే పరీక్షలన్నీ ఒకటి కావు. వైన్‌ల్యాండ్ అనేది తల్లిని అడిగి నింపే సామాజిక పరిపక్వత కొలత, దాన్లో వచ్చేది ఎస్‌క్యూ (సామాజిక పరిపక్వత అంకె), తెలివి కాదు. బినే కామత్‌లో మానసిక వయసును అసలు వయసుతో భాగించి 100తో హెచ్చిస్తారు. ఎనిమిదేళ్ళవాడు పన్నెండేళ్ళ పని చేస్తే 150 వస్తుంది, ఆ 150కీ విస్క్‌లో 150కీ పోలికే లేదు. మాలిన్ పరీక్ష 1949 నాటి విస్క్‌కు భారతీయ రూపం. పట్టికలు ఎంత పాతబడితే అంకె అంత ఉబ్బుతుంది, దశాబ్దానికి సుమారు 3 పాయింట్లన్నది వాడుకలో ఉన్న లెక్క. అందుకే పాత పరీక్షలో 135 వచ్చిందని ప్రతిభావంతుడని ముద్ర వేయకూడదు. రావెన్ రంగుల మాత్రికల్లో 36 బొమ్మలు, మాటలు అక్కర్లేదు. తెలుగు ఒక్కటే వచ్చిన పిల్లాడికి మంచి తోడు, కానీ అది తెలివిలో ఒక్క పక్కనే చూస్తుంది.

పూర్తిగా చూడాలంటే విస్క్ 4 ఇండియా. ముఖ్యమైన ఉపపరీక్షలు పది, గంట నుంచి గంటన్నర పడుతుంది. నాలుగు సూచికలు వస్తాయి: మాటలతో ఆలోచన, చూపుతో ఆలోచన, పనిచేసే జ్ఞాపకం, వేగం. సగటు 100. 130 దాటితే వందమందిలో పై ఇద్దరిలో ఉన్నట్టు. ఏ అంకైనా ఇంచుమించు 5 పాయింట్లు అటూ ఇటూ ఊగుతుంది, కాబట్టి 128కీ 131కీ తేడా ఉందని కొట్లాడటం దండగ. మాటల భాగం దగ్గర భాష చూడండి. ఇంగ్లీషు మీడియం కదా అని ఇంగ్లీషులో అడిగితే, ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లాడు తెలిసిన సంగతే చెప్పలేక మార్కులు పోగొట్టుకుంటాడు. అప్పటికప్పుడు తెలుగులోకి మార్చి అడిగితే ఆ పట్టికలు వర్తించవు. ఏ భాషలో అడిగారో, ఎక్కడ తెలుగులో సాయం చేశారో రిపోర్టులో రాయించుకోవాలి.

పైన చెప్పిన చెడగొట్టడం ఇదే. ఊరికే ఉదాహరణకు మాటలతో ఆలోచన 138, చూపుతో ఆలోచన 133, జ్ఞాపకం 103, వేగం 91 అనుకుందాం. నాలుగూ కలిపి మొత్తం తీస్తే 120ల్లోకి పడిపోతుంది, "తెలివైనవాడే, అంతకుమించి ఏం లేదు" అని ఇంటికి పంపేస్తారు. పైనున్న సూచికకూ కిందున్న సూచికకూ 23 పాయింట్లో అంతకంటే ఎక్కువో తేడా ఉంటే మొత్తం అంకెకు అర్థం ఉండదు. అప్పుడు మొదటి రెండు సూచికలతో మాత్రమే తీసే జీఏఐ చూడాలి, ఈ పిల్లాడికి అది 130 దాటే ఉంటుంది. మూల్యాంకనానికి వెళ్ళినవాళ్ళు జీఏఐ తీశారా అని ఒక్క ముక్క అడిగితే చాలు.

పనిచేసే జ్ఞాపకం అంటే ఏంటో మనకు వేరే చెప్పక్కర్లేదు, అవధానంలో ధారణ అదే. పృచ్ఛకులు అడిగినవన్నీ మనసులో నిలుపుకుంటూ, అప్రస్తుత ప్రసంగం చేసేవాడు లాగుతున్నా పద్యం వదలకపోవడం. మనం మాట్లాడుకునే పిల్లలకు ఆ అప్రస్తుత ప్రసంగి లోపలే కూర్చుని ఉంటాడు. పరీక్షలో దీన్ని సెకనుకు ఒకటి చొప్పున అంకెలు చదివి, ముందు అదే వరసలో, తర్వాత తిరగేసి చెప్పించి చూస్తారు. వేగాన్ని రెండు నిమిషాల్లో గుర్తులు రాయించి చూస్తారు. ఇక్కడ రెండు తప్పులు జరుగుతాయి. వేగం తక్కువుంటే ఏడీహెచ్‌డీ అని రాసేయడం ఒకటి. చేతిరాత నెమ్మది, తప్పు పోకూడదన్న పట్టుదల, గుర్తును అందంగా గీయాలన్న యావ, ఏదైనా ఆ అంకెను కిందికి లాగుతుంది. అన్ని అంకెలూ బాగున్నాయి కాబట్టి ఏడీహెచ్‌డీ లేదనడం రెండోది. నిశ్శబ్దమైన గది, ఎదురుగా ఒకే మనిషి, పది నిమిషాలకో కొత్త పని. ఇంతకంటే ధ్యాస నిలిచే చోటు ఆ పిల్లాడికి ఇంకోటి దొరకదు. క్లాసులో నలభైమంది మధ్య ఏం చేస్తాడో ఆ గది చెప్పదు. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి బొమ్మ రాగానే నొక్కమనే సీపీటీ పరీక్షా అంతే, తోడుగా పనికొస్తుంది గానీ అదొక్కటే నిర్ధారణ కాదు.

పరీక్ష రోజు సంగతి. ఉదయగిరి నుంచో ఆత్మకూరు నుంచో తెల్లవారుజామున నాలుగింటి బస్సెక్కించి, తొమ్మిదింటికి ఓపీ క్యూలో నిలబెట్టి, పన్నెండున్నరకు పరీక్షకు కూర్చోబెడితే మీరు కొలిచింది ఆకలిని. ముందురోజే వచ్చి బంధువుల ఇంట్లో పడుకోండి, లేదంటే రెండు సిట్టింగులు అడగండి. పొద్దున ఇడ్లీయో దోసెయో పెట్టి, కళ్ళజోడు మర్చిపోకుండా తీసుకెళ్ళండి. ఇంటర్నెట్లో దొరికిన బొమ్మలతో ముందే సాధన చేయించొద్దు, అది దొంగ అంకె. అదే పరీక్షను ఏడాదిలోపు మళ్ళీ పెట్టినా గుర్తుండి మార్కులు పెరుగుతాయి, కాబట్టి ఇంతకుముందు ఎక్కడైనా చేయించి ఉంటే దాచకండి.

చదువులో లోపం కూడా పక్కనే దాక్కుని ఉండొచ్చు. నోటితో అద్భుతంగా చెప్పేవాడు ఒత్తులు, గుణింతాలు ఎగరగొడుతుంటే, ఇంగ్లీషులో స్పెల్లింగు తడబడుతుంటే చదవడం, రాయడం, లెక్కలను రెండు భాషల్లోనూ విడిగా పరీక్షించాలి. దీనికి బెంగళూరు నిమ్హాన్స్ వారి ఎస్‌ఎల్‌డీ (అభ్యసన లోపం) బ్యాటరీ, అంటే పరీక్షల కట్ట, వాడతారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఎస్‌ఎల్‌డీ ఉంది, ఏడీహెచ్‌డీ విడిగా లేదు. సర్టిఫికెట్ కావాలంటే ఈ తేడా అవసరమవుతుంది.

పరీక్ష చేసేవారు రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదైన క్లినికల్ సైకాలజిస్టేనా అని చూడండి. వారికి సీఆర్‌ఆర్ నంబరు ఉంటుంది, కౌన్సిల్ వెబ్‌సైటులో వెతకొచ్చు. బడుల్లో స్టాళ్ళు పెట్టి వేలిముద్రలతో తెలివి చెబుతామనే డీఎంఐటీకీ, కళ్ళకు గంతలు కట్టి చదివిస్తామనే మిడ్‌బ్రెయిన్ వాళ్ళకూ శాస్త్రంలో ఏ ఆధారమూ లేదు. ఆ డబ్బుతో పిల్లాడికి ఒక ఏడాది పుస్తకాలు వస్తాయి.

మందుల నిర్ణయం డాక్టరుది, సైకాలజిస్టు రాయకూడదు. ఆరేళ్ళలోపు పిల్లలకు మందు కంటే ముందు తల్లిదండ్రులకు శిక్షణ. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ మందు మొదలుపెట్టే ముందు ఎత్తు, బరువు, నాడి, బీపీ రాసుకోవాలి, ఇంట్లో చిన్నవయసులో గుండెజబ్బుతో పోయినవాళ్ళున్నారా అని అడగాలి. మందు వేస్తే ధ్యాస కుదిరింది కాబట్టి ఏడీహెచ్‌డీ ఉన్నట్టే అనుకోవద్దు, లేనివాళ్ళకు కూడా అది ధ్యాసను కాస్త పెంచుతుంది.

రిపోర్టులో నాలుగు సూచికలు విడివిడిగా, వాటి శాతక స్థానాలు (వందమందిలో ఎక్కడున్నాడో), పరీక్ష జరిగిన తేదీ, భాష, గదిలో పిల్లాడు ఎట్లా ఉన్నాడు, ఫారాల లెక్క, ఇంకేం కారణాలు తోసిపుచ్చారు, బడికి ఏం చేయమంటున్నారు అన్నవి ఉండాలి. ఒక్క అంకె, కింద స్టాంపు ఉన్న కాగితమైతే అక్కడే కూర్చుని మిగతావి రాయించుకోండి. బడిలో అడగాల్సింది రెండే. పాఠం మొదలయ్యే ముందే ఆ పాఠం చివర పెట్టే పరీక్ష పెట్టి, నూటికి 85 వస్తే ఆ పాఠం ఇంపోజిషన్లూ వర్కుషీట్లూ మాఫీ చేసి పైస్థాయి లెక్కలివ్వాలి. రాత పనిని పది నిమిషాల ముక్కలుగా ఇచ్చి ప్రతి ముక్క చివర చూడాలి. మొదటిది తెలివికి, రెండోది ధ్యాసకు. ఒకటి ఇచ్చి రెండోది మానేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. నవోదయ ప్రవేశ పరీక్షకు కూర్చోబెడుతుంటే రెండు గంటల్లో 80 ప్రశ్నలకు ఓఎమ్మార్‌లో గుండ్రాలు నింపడం విడిగా సాధన చేయించండి. ఇలాంటి పిల్లలు తెలియక కాదు, ఒక వరస దాటేసి కింది గుండ్రం నింపి పోగొట్టుకుంటారు.

బడికి రిపోర్టు జిరాక్సు ఇవ్వండి, ఒరిజినల్ మీ దగ్గరే ఉంచుకోండి. బడి మారినప్పుడల్లా అది అవసరపడుతుంది.